ఆ వేపాకు ఏ ఊరిదో రాసిపెట్టారా? జీవవనరుల వాటాపై అపోహలు - వాస్తవాలు

అమరచింత ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది. అక్కడ సేకరించిన 2,000 కిలోల వేపాకు జపాన్‌కు వెళ్లింది. ఎగుమతి చేసిన కంపెనీ ఆ ఆకును వాడుకున్నందుకు వాటాగా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థకు 55,035 రూపాయలు కట్టింది. ఆ సొమ్ము మళ్లీ అమరచింత జీవవైవిధ్య యాజమాన్య కమిటీకి వచ్చింది, వేప మొక్కలు నాటడానికి, ఊళ్లో అవగాహన కల్పించడానికి. పల్లెల్లో ఇలాంటి కమిటీలతో కూర్చుని ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు, అంటే ఊళ్లో ఉన్న మొక్కలు, జీవాలు, వాటి వాడకం గురించి ఊరివాళ్లకు తెలిసిన సంగతుల పుస్తకాలు, రాయించడం నా పని. ఎక్కడికెళ్లినా ముందు ఈ సంగతే చెబుతాను. వినగానే జనం అనే మాటలు దాదాపు ఎక్కడైనా ఒకటే.

అపోహ: ఆకు కొన్నారు, డబ్బిచ్చారు. ఇంకా ఇవ్వాల్సిందేముంది?

వాస్తవం: కిలోకి ఇంత అని ఇచ్చే ధర కోసినందుకు, ఎండబెట్టినందుకు, మూటకట్టి సంతకు మోసినందుకు. ఆ చెట్టును ఇన్నేళ్లూ నరక్కుండా ఉంచింది ఎవరు? అది దేనికి పనికొస్తుందో తాతల నాటి నుంచి గుర్తుపెట్టుకున్నది ఎవరు? 2002 నాటి జీవవైవిధ్య చట్టం వాటా ఇమ్మన్నది అందుకు. అది ధర మీద వేసే కొసరు అనుకుంటే ఊరు అడగడానికే మొహమాటపడుతుంది. హక్కు అని తెలిస్తే లెక్క అడుగుతుంది.

అపోహ: ఇది విదేశీ కంపెనీలకే వర్తిస్తుంది.

వాస్తవం: మన కంపెనీలూ ఇదే వాదనతో కోర్టుకెక్కాయి. 2018 డిసెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. వాణిజ్యానికి వాడుకునే దేశీయ కంపెనీలు కూడా వాటా ఇవ్వాల్సిందేనని, రాష్ట్ర జీవవైవిధ్య మండలి దాన్ని అడగవచ్చని చెప్పింది.

అపోహ: పెరట్లో తిప్పతీగ కోసుకున్నా, నాటువైద్యుడు పసరు పిండినా పర్మిషన్ కావాలి.

వాస్తవం: అక్కర్లేదు. స్థానికులకు, సాగు చేసేవాళ్లకు, వైద్యం చేసే వాళ్లకు చట్టంలోనే మినహాయింపు ఉంది. ఈ విషయంలో టెన్షన్ పడకండి.

అపోహ: రిజిస్టర్‌లో రాస్తే మన మందుల గుట్టు బయటివాళ్ల చేతిలో పడుతుంది.

వాస్తవం: ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. ఒక ఊళ్లో పసరు మందు ఇచ్చే పెద్దాయన నాతో, "మొక్క పేరు చెప్తా నాయనా, కలిపే పద్ధతి మాత్రం చెప్పను" అన్నాడు. నేను అంతవరకే రాశాను. ఎంత చెప్పాలన్నది చెప్పేవాళ్ల ఇష్టం. మందు పాళ్లు, అరుదైన మొక్క దొరికే చోటు రిజిస్టర్‌లోకి ఎక్కనక్కర్లేదు.

కానీ ఏదీ రాయకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. పసుపు గాయాలు మాన్పుతుందని 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చేశారు. మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) పాత గ్రంథాలు, వ్యాసాలు తీసి చూపించాకే 1997లో అది రద్దయింది. పసుపు సంగతి అచ్చులో ఉంది కాబట్టి నెగ్గాం. నల్లమలలో చెంచులకు మాత్రమే తెలిసిన ఒక దుంప గురించి అలా చూపించడానికి మన దగ్గర ఏ కాగితం ఉంది?

అపోహ: ఈ డబ్బు చెన్నైలోనో రాజధానిలోనో ఆగిపోతుంది, ఊరికి రాదు.

వాస్తవం: వచ్చిన సందర్భాలున్నాయి. 2025లో చిత్తూరు, తిరుపతి, నెల్లూరు, కడప జిల్లాల్లో ఎర్రచందనం పెంచిన 198 మంది రైతులకు సుమారు 3 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. చెట్టు ఎవరి పొలంలోదో కాగితం ఉంది కాబట్టి డబ్బుకు దారి దొరికింది.

అడవి సరుకు దగ్గరే చిక్కు. కరక్కాయ, ఉసిరి, తపసి జిగురు పది ఊళ్ల నుంచి సంతకు వస్తాయి. వ్యాపారి అన్నీ ఒకే గోతంలో పోస్తాడు. ఆ క్షణంలో ఊరి పేరు పోతుంది. తర్వాత కంపెనీ వాటా కట్టినా అది ఎవరిదో తేలదు. అలాంటప్పుడు ఆ సొమ్మును సరుకు వచ్చిన ప్రాంతంలో సంరక్షణకు, స్థానికుల జీవనోపాధికి వాడాలని నిబంధన ఉంది. ఆ ప్రాంతం ఏదో రాసిపెట్టకపోతే ఆ నిబంధన ఉన్నా ఏం లాభం?

చట్టానికి 2023లో చేసిన సవరణతో సాగుచేసిన ఔషధ మొక్కలకు ఈ వాటా నుంచి మినహాయింపు వచ్చింది కాబట్టి నాకు ఇంకా దిగులు. అడవిలో తవ్విన వేరును "మా తోటలోది" అనడం ఎంతసేపు? మూలం చెప్పే ధ్రువపత్రం ఊరి కమిటీ ఇవ్వాలి. దేశంలో కమిటీలు 2.7 లక్షలకు పైగా ఉన్నాయి. అయితే నేను వెళ్లిన చాలా ఊళ్లలో సభ్యులకే తాము సభ్యులమని తెలియదు.

అందుకే ఈ మధ్య రిజిస్టర్‌తో పాటు ఇంకో చిన్న నోటుబుక్కు కూడా పెట్టిస్తున్నాం. తేదీ, సరుకు, ఎన్ని కిలోలు, ఏ అడవి వైపు నుంచి, ఎవరికి అమ్మారు అన్న ఐదు గడులే అందులో ఉంటాయి. సంతకు వెళ్లే ముందు మహిళా సంఘంలో చదువుకున్న అమ్మాయి రాస్తుంది. గోతానికి ఊరి పేరున్న చీటీ కడుతుంది.