ఒకరు తప్పితే ఆరుగురూ పోవాల్సిందే: రెయిడ్ గొడవల వెనక కథ

ఒంగోలు, కావలి, నెల్లూరు నుంచి ఆరుగురు హెడ్‌సెట్లు తగిలించుకుని డెస్టినీ 2 అనే ఆన్‌లైన్ తుపాకీ ఆటలో రెయిడ్‌కి (జట్టుగా కలిసి బాస్‌లనే పెద్ద శత్రువులను పడగొట్టే ఘట్టాల వరస) కూర్చున్న రాత్రి గొడవ ఎక్కడ మొదలవుతుందో ముందే చెప్పొచ్చు. చివరి బాస్ దాకా పోనక్కర్లేదు. దానికి ముందున్న బొమ్మల గదిలోనే తగులుకుంటారు. "ఎవుర్రా సర్కిల్ అన్నది?" "నేననలా." "మరి నాకెట్టా ఇనబడింది?" కాసేపటికి ఒకడు హెడ్‌సెట్ తీసి పక్కన పెడతాడు, ఇంకొకడికి పొద్దున్నే డ్యూటీ గుర్తొస్తుంది, జట్టు చెదిరిపోతుంది. చూసేవాళ్ళు దీన్ని చేతగానితనం అంటారు. నేనొప్పుకోను. ఆ గదిని అట్లా కట్టడం వెనక పాతికేళ్ళ కథ ఉంది. ఆటలు తయారుచేసేవాళ్ళు బాస్ మీదున్న బరువును కొంచెం కొంచెంగా తీసి, తెలిసి తెలిసి, ఆడేవాళ్ళ నాలుక మీద పెట్టుకుంటూ వచ్చారు.

ముందు ఆ గది సంగతి. పేరు వెరిటీ. 2024 జూన్ 7న వచ్చిన సాల్వేషన్స్ ఎడ్జ్ రెయిడ్‌లో ఇది నాలుగో ఘట్టం. ఈ రెయిడ్‌ను ప్రపంచంలో అందరికంటే ముందు పూర్తిచేసిన జట్టుకే దాదాపు 19 గంటలు పట్టింది. ఆరుగురిలో ముగ్గురిని ఆట తనంతట తనే ఎంచుకుని లోపలికి లాక్కుంటుంది, ఒక్కొక్కరిని ఒక్కో గదిలో వేస్తుంది. మిగతా ముగ్గురు బయట. లోపలివాళ్ళకి మూడు విగ్రహాలు కనిపిస్తాయి. ఆ మూడూ లోపల పడిన ముగ్గురివే. ఒక్కోదాని చేతిలో ఒక్కో ఆకారం: సర్కిల్, స్క్వేర్, ట్రయాంగిల్. బయటివాళ్ళ ముందూ అవే మూడు విగ్రహాలు ఉంటాయి గానీ వాటి చేతుల్లో ఉండేవి ఘనాకారాలు. రెండు సర్కిళ్ళు కలిస్తే గోళం, రెండు స్క్వేర్లైతే క్యూబ్, రెండు ట్రయాంగిల్స్ అయితే పిరమిడ్, సర్కిల్, స్క్వేర్ కలిస్తే సిలిండర్, ట్రయాంగిల్, స్క్వేర్ కలిస్తే ప్రిజం, సర్కిల్, ట్రయాంగిల్ కలిస్తే కోన్. ఏ విగ్రహానికి లోపల ఏ ఆకారం ఉందో, ఆ ఆకారం లేని ఘనం బయట దాని చేతికి చేరాలి. లోపల సర్కిల్ పట్టుకున్నవాడికి బయట ప్రిజం రావాలన్నమాట.

కాగితం మీద ఇది ఎనిమిదో తరగతి లెక్క. లోపల ఎడమ నుంచి వరసగా సర్కిల్, స్క్వేర్, ట్రయాంగిల్ అనుకుందాం. బయట వరసగా గోళం, క్యూబ్, పిరమిడ్ ఉన్నాయనుకుందాం. ఎడమ విగ్రహం నుంచి సర్కిల్ కోసి (దాని చేతిలోంచి ఆ ఆకారాన్ని తీసి), మధ్యదాన్నుంచి స్క్వేర్ కోస్తే రెండూ తారుమారై రెండు చోట్లా సిలిండర్లు వస్తాయి. తర్వాత ఎడమ నుంచి సర్కిల్, కుడి నుంచి ట్రయాంగిల్ కోస్తే ఎడమకి ప్రిజం వచ్చేస్తుంది. ఇంక మధ్య నుంచి స్క్వేర్, కుడి నుంచి ట్రయాంగిల్. మధ్యకి కోన్, కుడికి సిలిండర్. మూడు మార్పిళ్ళతో అయిపోయింది. ఈలోపు లోపలివాళ్ళు తమ గోడల మీద నీడలుగా కనిపించే ఆకారాలను ఒకరికొకరు పంపుకుంటూ, ఎవరి ఆకారం వాళ్ళ దగ్గర మిగలకుండా చూసుకోవాలి. మీదపడే శత్రువులు వేరే. గడియారం నడుస్తూ ఉంటుంది. అది అయిపోతే ఆరుగురూ ఒక్కసారే చస్తారు. తర్వాతి విడతలో లోపలికి ఎవరు పోతారో తెలీదు కాబట్టి, 'నా పని ఇంతే' అని ఒక ముక్క నేర్చుకుని ఊరుకునే వీలు ఎవరికీ లేదు.

ఈ ఘట్టంలో తుపాకీ గురి పెద్దగా పనికిరాదు. ఒకడికి కనిపించేది ఇంకొకడికి కనిపించదు, మధ్యలో ఉన్నది మాట ఒక్కటే. ఇదంతా ఎక్కణ్ణుంచి వచ్చిందంటే 1999 దాకా వెనక్కి పోవాలి.

ఆ ఏడాది మార్చిలో ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ ఆట వచ్చింది. నాగఫెన్, వోక్స్ అనే డ్రాగన్లను చంపడానికి డజన్ల కొద్దీ మనుషులు పోగయ్యేవాళ్ళు. ఒకే ఆటలో ఉన్నారు గానీ ఒకరి గొంతు ఒకరికి వినిపించదు, అన్నీ టైపు చేసుకోవాల్సిందే. అప్పటి అసలు కష్టం వైద్యం. వైద్యం చేసే పాత్రలైన క్లెరిక్‌ల పెద్ద మంత్రం కంప్లీట్ హీల్ పూర్తవడానికి 10 సెకన్లు పట్టేది, డ్రాగన్ ఆలోపే ముందు నిలబడ్డవాణ్ణి నమిలేస్తుంది. అందుకని క్లెరిక్‌లకి నంబర్లు ఇచ్చారు. ఒకటో నంబరు మొదలుపెట్టి చాట్‌లో కొడతాడు, అది చూసి కొన్ని సెకన్ల ఎడంతో రెండో నంబరు, తర్వాత మూడో నంబరు. ఇంటికి స్లాబ్ వేసే రోజు కూలీలు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు అందించుకున్నట్టు. మధ్యలో ఒకడు చెయ్యి చాపకపోతే తట్ట కిందపడుతుంది. ఇక్కడ ట్యాంక్, అంటే ముందు నిలబడి దెబ్బలు తినేవాడు, పడిపోతాడు, వెనకాలే అందరూ. అయినా ఆ బరువు ఆ కొద్దిమంది క్లెరిక్‌లదే. మిగతావాళ్ళు నిలబడి కొడుతూ ఉంటే సరిపోయేది.

2004 నవంబర్ 23న వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ మొదట్లో ఇదే దారిన పోయింది. మోల్టెన్ కోర్ రెయిడ్‌కి 40 మంది. అందులో పదిమంది టీ తాగడానికి లేచిపోయినా బాస్ చచ్చేదని అప్పటి ఆటగాళ్ళు నవ్వుకునేవాళ్ళు. కాకపోతే అందులోనే బారన్ గెడన్ అనే బాస్ ఒకడుండేవాడు. ఉన్నట్టుండి ఎవరో ఒకరిని బాంబుగా మార్చేస్తాడు. ఆ మనిషి కొన్ని సెకన్లలో గుంపు నుంచి దూరంగా పరుగెత్తాలి, లేకపోతే చుట్టుపక్కలవాళ్ళని వెంటబెట్టుకుని పోతాడు. ఎవరి మీద పడుతుందో తెలియదు. అంతవరకు వెనక నిలబడి నిద్రపోతున్నవాడి తప్పు మొదటిసారి పదిమందికి తగిలింది. నా లెక్కలో నేటి బొమ్మల గదికి ముత్తాత ఆ బాంబే.

2006 జూన్‌లో వచ్చిన నాక్స్‌రామస్‌లో ఇది ముదిరింది. థాడియస్ అనే బాస్ అందరికీ ప్లస్సో మైనస్సో అంటిస్తాడు. ఒకే గుర్తు ఉన్నవాళ్ళు ఒకచోట చేరాలి. గుర్తు మారగానే 40 మందీ అటూ ఇటూ దాటుకోవాలి. ఒక్కడు తప్పు గుంపులో ఉండిపోతే పక్కనున్నవాళ్ళు కాలిపోతారు. అదే రెయిడ్‌లో ఫోర్ హార్స్‌మెన్‌ని నాలుగు మూలల్లో పట్టి ఉంచడానికి ఎనిమిది మంది ట్యాంకులు వంతులవారీగా మారుతుండాలి. 2007 జనవరి నుంచి రెయిడ్‌కి 40 మంది పోయి 25, 10 అయ్యారు. మనుషులు తగ్గేకొద్దీ దాక్కునే చోటు తగ్గింది.

ఇంతమందికి ఇన్ని సంగతులు ఎవరు చెప్పాలి? గొంతు సాధనాలు అప్పటికే వచ్చేశాయి, టీమ్‌స్పీక్, వెంట్రిలో లాంటివి. అయినా నోటితో చెప్పేలోపు పుణ్యకాలం గడిచిపోతోంది. అందుకని ఆటగాళ్ళలో ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్ళు యాడాన్లు, అంటే ఆటకి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, రాసుకున్నారు. బాంబు నీ మీద పడితే తెర నడిమధ్య పెద్దక్షరాలతో అరిచేవి కొన్ని. డికర్సివ్ అయితే ఇంకో అడుగు ముందుకేసింది. ఎవరికి శాపం తగిలిందో అదే వెతికి, ఏ మంత్రం వెయ్యాలో అదే తేల్చేది. మనిషి ఒక్క బటన్ నొక్కుతూ ఉంటే చాలు. వార్‌క్రాఫ్ట్ తయారుచేసే కంపెనీ బ్లిజార్డ్‌కి ఇది నచ్చలేదు. 2006 డిసెంబర్‌లో 2.0 ప్యాచ్‌తో యుద్ధం నడుస్తుండగా యాడాన్ తనంతట తాను మనిషిని, మంత్రాన్ని ఎంచుకోకుండా కట్టేసింది.

అప్పటినుంచి ఈ దోబూచులాట ఆగలేదు. 2010లో ఏవీఆర్ అనే యాడాన్ నేల మీదే గీతలు, వలయాలు గీసి 'నువ్వు ఇక్కడ నిలబడు' అని చూపించింది. కొద్దికాలానికే 3.3.5 ప్యాచ్‌తో దాని కాళ్ళు విరిచారు. తర్వాత వీక్‌ఆరాస్ వచ్చింది. శాపం తగిలిన నలుగురిలో ఎవరు ఎటు పోవాలో అదే పంచిపెట్టే దాకా పోయింది. బ్లిజార్డ్ 2023లో కొన్ని శాపాలను యాడాన్‌ల కంటికి ఆననివ్వకుండా దాచేసింది. చివరికి 2025లో, మిడ్‌నైట్ విస్తరణతో యుద్ధ సమాచారం చాలావరకు యాడాన్లకి అందదని ప్రకటించింది. రచ్చంతా దీని మీదే. యాడాన్ లేకపోతే ఆట ఆడలేమని కొందరు, యాడాన్ ఆడుతుంటే మనమెందుకని కొందరు. నాకు మాత్రం ఇద్దరి మీదా అనుమానమే. యాడాన్లు ఉన్నాయని బాస్‌లను ఇంకా చిక్కుగా కట్టారు, బాస్‌లు చిక్కుగా ఉన్నాయని యాడాన్లు ఇంకా తెలివిమీరాయి. ఎవరు ముందు మొదలుపెట్టారని అడగడం దండగ.

మధ్యలో 2011 నవంబర్‌లో రెయిడ్ ఫైండర్ వచ్చింది. ముక్కూమొహం తెలియని 25 మందిని ఆటే పోగుచేసి లోపలికి తోస్తుంది. మాట్లాడుకోకపోయినా నెగ్గేలా బాస్‌లను మెత్తబరిచారు. ఒకరి మాట ఒకరు వినాల్సిన పని ఉంటే అపరిచితులతో కుదరదని బ్లిజార్డ్ తనే ఒప్పుకున్నట్టు అయింది.

డెస్టినీ దీనికి అడ్డంగా తిరిగింది. 2014 సెప్టెంబర్‌లో వచ్చిన వాల్ట్ ఆఫ్ గ్లాస్‌కి ఆరుగురు కావాలి, ఆ ఆరుగురినీ నువ్వే వెతుక్కోవాలి. కన్సోల్ ఆట, యాడాన్ల ఊసే లేదు. చివరి బాస్ ఏథియాన్ ముగ్గురిని వేరే కాలానికి విసిరేస్తాడు, మిగతావాళ్ళు వాళ్ళ కోసం దారి తెరవాలి. 2021 మేలో ఇదే రెయిడ్‌ను డెస్టినీ 2లోకి తెచ్చినప్పుడు మెలిక ఇంకొంచెం బిగించారు. ఆరకిల్స్ అనే గురులు వెలిగే వరస లోపలి ముగ్గురికే కనిపిస్తుంది, వాటిని అదే వరసలో కాల్చాల్సింది బయటివాళ్ళు. బొమ్మల గదికి నమూనా ఇక్కడే తయారైంది. అప్పుడు దీన్ని డబ్బులు కట్టనవసరం లేకుండా అందరికీ తెరిచారు కాబట్టి, మావైపు చాలామందికి రెయిడ్ అంటే మొదట తెలిసింది ఇదే.

మావైపు కథ వేరే దారిలో వచ్చింది. రెండువేల పదికి ముందు నెల్లూరు, ఒంగోలు ఇంటర్నెట్ సెంటర్లలో ఆడిందంతా కౌంటర్ స్ట్రైక్, డోటా. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని గట్టిగా అరిస్తే అదే కాల్ అవుట్, జట్టుకి చెప్పే కబురు. వార్‌క్రాఫ్ట్ రెయిడ్లకి పోయినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత. మన దేశంలో దానికి సర్వర్ లేదు. యూరప్ సర్వర్‌లో సాయంత్రం ఏడింటికి రెయిడ్ అంటే చలికాలంలో మనకి రాత్రి పదకొండున్నర. అప్పట్లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ డేటావన్‌లో కొన్ని ప్లాన్లకి రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా వాడుకున్నది లెక్కలోకి రాదు. ఆ లెక్కన అర్ధరాత్రి బాస్ దగ్గరికి పోయి, రెండు దాటాక ప్యాచ్‌లు డౌన్‌లోడ్ పెట్టి పడుకోవడం ఒక పద్ధతి.

జనానికి మైక్‌లో మాట్లాడ్డం నేర్పింది మాత్రం 2018లో వచ్చిన పబ్జీ మొబైల్. దిక్సూచిలో అంకె చూసి 'మూడొందల్లో ఉన్నాడు, చెట్టు వెనక' అని చెప్పడం ఇంటర్ పిల్లలకి కూడా అలవాటైపోయింది. 2020 సెప్టెంబర్ 2న దాన్ని నిషేధించారు, 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది. మధ్యలో ఆ జట్లు తలో ఆటకీ పోయాయి, చేతికి కంప్యూటరో కన్సోలో దొరికిన కొందరు డెస్టినీ వైపు తేలారు. అయితే పబ్జీలో మాట అదనపు బలం మాత్రమే. ఒకడు చచ్చినా మిగిలిన ముగ్గురు చికెన్ డిన్నర్ (గెలుపు) కొట్టొచ్చు. అక్కడ అందరూ ఒకేసారి అరిచినా చెల్లిపోతుంది. ఆ అలవాటే రెయిడ్‌లో కొంప ముంచుతుంది. నేను చూసిన జట్లలో గొడవలు సగం పైగా దీనివల్లే. లోపల ముగ్గురికీ మూడు విగ్రహాలూ కనిపిస్తాయి కాబట్టి ముగ్గురూ చదువుతారు, ఎడమ నుంచి ఒకడు, కుడి నుంచి ఇంకొకడు.

తప్పంతా పింగ్ (సర్వర్‌కి సంకేతం పోయి రావడానికి పట్టే సమయం) మీద తోసెయ్యడం మావాళ్ళకి ఇంకో అలవాటు. మరీ అన్యాయం అది. నెల్లూరు నుంచి చెన్నై నూట డెబ్భై చిల్లర కిలోమీటర్లు. అక్కణ్ణుంచి సముద్రం కింద సింగపూర్‌కి పోయే కేబుల్, 2002లో వేసిన ఐటూఐ, సుమారు 3,200 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు పోయి రావడానికి సెకనులో ముప్ఫయ్యో వంతు చాలు. యూరప్‌కైతే దానికి నాలుగైదు రెట్లు వేసుకోండి. 'మధ్యలో స్క్వేర్, కాదు కాదు, ట్రయాంగిల్' అనడానికి పట్టే మూడు సెకన్ల ముందు అదెంత? ఫైనల్ ఫాంటసీ 14 లాంటి ఆటల్లో పింగ్ నిజంగానే కొడుతుంది. బాస్ మంత్రం గీత నిండిన క్షణానికి నువ్వెక్కడున్నావో సర్వర్ రాసేసుకుంటుంది, తర్వాత ఎంత పరిగెత్తినా దెబ్బ తప్పదు. వెరిటీ లాంటి చోట ఆ సాకు నిలవదు. లైన్ తెగిపోతే తప్ప. మావైపు ఫైబర్ తీగలు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన వారంలో రెయిడ్ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు కాస్త కుదురుగా ఆడే జట్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. లోపల పడ్డ ముగ్గురిలో ఎడమ విగ్రహం ఎవరిదైతే వాడే మాట్లాడాలి. మూడు మాటలు, ఎడమ నుంచి కుడికి, రెండుసార్లు. ఎవరు లోపలికి పోతారో తెలియని చోట ఎవరు చెప్పాలన్న సంగతి దీంతో దానంతటదే తేలిపోతుంది. బయట కోసేది ఒక్కడే, రెండోవాడు వాడు కోసింది పైకి చదువుతాడు, మూడోవాడు శత్రువులను చూసుకుంటాడు. ఎవరు తప్పు చెప్పారన్న పంచాయితీ చచ్చిన వెంటనే పెట్టకూడదు. వార్‌క్రాఫ్ట్‌లో యాడాన్లు పోతున్నాయని దిగులుపడుతున్నవాళ్ళు కూడా ఇలాంటి కట్టుబాట్లే వెతుక్కోవాల్సి వస్తుంది. వాళ్ళకి మా కంటే కష్టం ఎక్కువ, అక్కడ అన్నిటికంటే కష్టమైన రెయిడ్లలో మాట్లాడే నోళ్ళు ఇరవై.