బిడ్డ తొలి అడుగు నుంచి వార్ధక్యం దాకా: ఎదుగుదలపై అపోహలు - వాస్తవాలు

పిల్లల వైద్యుడిగా నేను రోజూ వినే ప్రశ్నల్లో ఎక్కువ భాగం తమ బిడ్డను ఇతర పిల్లలతో పోల్చుకునే తల్లిదండ్రుల ఆందోళన నుంచే పుడతాయి. ఆ ఆందోళన నిజమైనదే. దాని వెనుక ఉన్న నమ్మకాలలో మాత్రం చాలావాటిని సరిదిద్దవలసి ఉంది.

అపోహ: ఏడాది నిండేసరికి నడవకపోతే బిడ్డ వెనుకబడినట్లే.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 దేశాలలో ఆరోగ్యవంతులైన పిల్లలను గమనించినప్పుడు, ఆసరా లేకుండా నడిచే వయస్సు సుమారు 8 నెలల నుంచి 18 నెలల వరకు ఉన్నట్లు తేలింది. వారిలో కొద్దిమంది అసలు మోకాళ్ల మీద పాకకుండానే నడక నేర్చారు. అందువల్ల 13వ నెలలో ఇంకా నడవకపోయినా, గోడ పట్టుకుని అడుగులు వేస్తున్న బిడ్డ విషయంలో నేను తల్లిదండ్రులను నిశ్చింతగా ఉండమంటాను. అయితే 18 నెలలు దాటినా నడక రాకపోయినా, అప్పటికే వచ్చిన మాటగానీ నైపుణ్యంగానీ ఏ వయస్సులోనైనా పోతున్నా, అదే వస్తుందిలే అని ఎదురుచూడకుండా వెంటనే వైద్యులకు చూపించాలి.

అపోహ: ఎదుగుదల చార్టులో 50వ పర్సెంటైల్ కన్నా కింద ఉన్న బిడ్డకు తిండి చాలడం లేదు.

వాస్తవం: పర్సెంటైల్‌ను పరీక్ష మార్కులా చదవడం వల్ల కలిగే దిగులు ఇది. 10వ పర్సెంటైల్ అంటే, అదే వయస్సున్న 100 మంది ఆడపిల్లల్లో లేదా మగపిల్లల్లో సుమారు 10 మంది అంతకన్నా తక్కువ కొలతతో ఉంటారని మాత్రమే అర్థం. చార్టులో తన పర్సెంటైల్ గీత వెంటే స్థిరంగా సాగుతున్న చిన్న బిడ్డ కన్నా, 75వ గీత మీద ఉండి కొన్ని నెలల్లో 25కు జారిన బిడ్డను నేను ఎక్కువ శ్రద్ధగా పరీక్షిస్తాను.

ఎదుగుదల వేగం కూడా అన్ని వేళలా ఒకేలా ఉండదు. పుట్టిన తొలి రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గి, సాధారణంగా రెండు వారాల్లో తిరిగి వస్తుంది; సుమారు 5 నెలలకు పుట్టిన బరువు రెట్టింపై, ఏడాదికి మూడు రెట్లవుతుంది. మొదటి ఏడాదిలో దాదాపు 25 సెంటీమీటర్లు పెరిగిన పొడవు, రెండో ఏడాదిలో సుమారు 12 సెంటీమీటర్లే పెరుగుతుంది. శరీరం నెమ్మదించినప్పుడు ఆకలి తగ్గడం సహజం. చురుకుగా ఆడుకుంటూ తన గీత వెంటే పెరుగుతున్న బిడ్డకు బలవంతంగా తినిపించి, భోజన సమయాన్ని భయంగా మార్చడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

అపోహ: నెలసరి మొదలైతే ఆడపిల్లల పొడవు పెరగడం ఆగిపోతుంది.

వాస్తవం: వేగం తగ్గుతుంది గానీ, ఆ తర్వాత కూడా చాలామంది 5 నుంచి 7 సెంటీమీటర్ల వరకు పెరుగుతారు. మగపిల్లలలో కౌమారంలో వచ్చే వేగవంతమైన ఎదుగుదల సగటున రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది కనుక, 13 ఏళ్లకు తరగతిలో అందరికన్నా పొట్టిగా కనిపించే అబ్బాయి చాలాసార్లు తన వంతు కోసం వేచి ఉన్నవాడే. ఎముకల చివర్లలోని ఎదుగుదల పలకలు మూసుకున్నాక మాత్రం ఏ పొడీ, ఏ వేలాడే వ్యాయామమూ ఎముకను పొడిగించలేదు.

అపోహ: మెదడు ఎదుగుదల 5 ఏళ్లకే పూర్తవుతుంది.

వాస్తవం: పరిమాణం విషయంలో ఇది చాలా వరకు నిజం. కానీ తొందరపాటును అదుపుచేసి, పర్యవసానాలను తూచే మెదడు ముందరి భాగం 20ల మధ్య వరకు పరిణతి చెందుతూనే ఉంటుంది.

అపోహ: వయస్సు మళ్లాక మిగిలేది క్షీణతే, మతిమరుపు అందులో భాగమే.

వాస్తవం: మనవళ్లను తీసుకువచ్చే పెద్దలు తమ గురించి తరచుగా అనే మాట ఇది. ఆలోచనలో వేగం తగ్గే మాట నిజమే అయినా, పదసంపద, అనుభవం మీద ఆధారపడే జ్ఞానం చాలామందిలో 60లు దాటినా నిలిచి ఉంటాయి. 1990లో వెలువడిన ఒక పరిశోధనలో, సగటున 90 ఏళ్ల వయస్సున్న కొద్దిమంది వృద్ధులు 8 వారాలు బరువులతో కాళ్ల వ్యాయామం చేయగా, వారి కండరాల బలం రెట్టింపుకు మించి పెరిగింది. పేరు గుర్తురావడానికి కాస్త సమయం పట్టడం వేరు, తెలిసిన దారిలోనే తప్పిపోవడం వేరు. రెండోది కనిపిస్తే దానిని వయస్సు ఖాతాలో వేయకుండా పరీక్ష చేయించాలి. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, కుంగుబాటు వంటి చికిత్సకు లొంగే కారణాలు కొన్నిసార్లు అక్కడే బయటపడతాయి.