చెవి ఆపరేషన్ చేస్తే రుచి పోతుందా? అపోహలు - వాస్తవాలు

అపోహ: చెవి ఆపరేషన్ చేయించుకుంటే నోటికి రుచి పోతుంది, చుక్కల మందుతో నెట్టుకురావడమే మేలు.

ఈ మాట పట్టుకుని కొలెస్టియటోమా (మధ్యచెవిలో చర్మం సంచిలా పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు కూడా ఏళ్ల తరబడి ఆపరేషన్ వాయిదా వేస్తుంటారు. భయపడేవాళ్లని ఏమీ అనలేం. భయపెట్టేవాళ్లతోనే విసుగు.

వాస్తవం: కార్డా టింపనీ అనేది ముఖాన్ని కదిలించే ఫేషియల్ నర్వ్ నుంచి చీలిన సన్నటి కొమ్మ. కర్ణభేరి వెనకే, మాలియస్, ఇంకస్ అనే రెండు చిన్న చెవి ఎముకల్లో మొదటిదాని పిడికీ రెండోదాని పొడుగు కాడకీ నడుమ నుంచి, ఎముక కప్పు లేకుండా మధ్యచెవిని దాటుతుంది. నాలుక ముందు మూడింట రెండు వంతుల రుచి, అదీ ఆ ఒక్క పక్కది, దీని బాధ్యత. వెనక వంతుకి వేరే నాడి ఉంది, అవతలి పక్కకి అవతలి చెవి నాడి ఉంది. పైగా కూర రుచి అని మనం అనేదాంట్లో ఎక్కువ పాలు వాసనదే. అందుకే ఒక నాడి పూర్తిగా తెగినా చాలామందికి పప్పుచారు పప్పుచారులాగే ఉంటుంది. తేడా చూడాలంటే నాలుక చాపి, ఉప్పునీళ్లలో ముంచిన దూదిపుల్లని కొనకి దగ్గర్లో ఒక అంచున అద్ది, నాలుక లోపలికి లాక్కోకుండానే రుచి తెలుస్తోందో లేదో గమనించాలి. నోరు మూస్తే ఉప్పు రెండో పక్కకి పాకుతుంది, పరీక్ష చెడిపోతుంది.

ఇక కొలెస్టియటోమా సంగతి. అది చర్మపు సంచి, చుక్కలకి కరగదు. చీము తగ్గినట్టు కనిపించినా లోపల ఎముకని తినేస్తూనే ఉంటుంది. మూతి వంకర పోవడం, కళ్లు తిరగడం, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు), మెదడులో చీముగడ్డ దాకా వెళ్లగలదు. నాడి ఆ సంచిలో చిక్కుకుంటే సర్జన్ కావాలనే కోస్తారు. నాడి కోసమని చిన్న పొర వదిలితే జబ్బు మళ్లీ పెరుగుతుంది.

అపోహ: రుచి మారిందంటే డాక్టర్ నరం కోసేశారు.

చాలాసార్లు కోయరు. పక్కకి జరిపేటప్పుడు సాగుతుంది, లేదా మైక్రోస్కోప్ వెలుతురుకి తడి ఆరి ఎండిపోతుంది. విచిత్రమేమిటంటే శుభ్రంగా తెగిన నాడి కన్నా సాగిన నాడే ఎక్కువ సతాయిస్తుంది: నోట్లో ఇనుప రుచి, నాలుక అంచున తిమ్మిరి, నోరెండిపోవడం. ఎండడం ఎందుకంటే దవడ కింది లాలాజల గ్రంథికి వెళ్లే తీగలు కూడా ఇందులోనే ఉంటాయి. ఏళ్లుగా చెవి కారినవాళ్లకి నాడి ముందే మొద్దుబారి ఉంటుంది కాబట్టి మార్పు అంతగా తెలియదు. ఆటోస్క్లెరోసిస్‌కి (స్టెపీస్ అనే చిన్న చెవి ఎముక బిగుసుకుపోయి వినికిడి తగ్గే జబ్బు) స్టెపిడాటమీ, అంటే ఆ ఎముకకి చేసే ఆపరేషన్, చేయించుకున్నవాళ్లే రుచి మార్పు గురించి ఎక్కువగా అడుగుతారు. వాళ్ల నాడి ఆరోగ్యంగా ఉంటుంది, స్టెపీస్ కనబడాలంటే అది అడ్డం తొలగాలి. చాలావరకు 3 నెలల నుంచి ఏడాదిలోపు సర్దుకుంటుంది. ఈలోగా చప్పగా ఉందని ఉప్పు పెంచకండి, బీపీ ఉన్నవాళ్లయితే మరీను. కూరలో ఉప్పు ఇంట్లో ఇంకొకరు చూస్తే సరి. లోపం ఉంటే తప్ప జింక్ మాత్రలు దండగ.

అపోహ: రుచి పోతే తర్వాత మూతి వంకరవుతుంది.

కాదు. ఈ కొమ్మ ముఖాన్ని కదిలించదు. కన్ను మూసుకోకపోతే, మూతి లాగేస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి రండి.

రెండో చెవికి ఆపరేషన్ ఉంటే మొదటిదాని తర్వాత రుచి ఎలా ఉందో సర్జన్‌కి ముందే చెప్పండి. రెండు నాడులూ దెబ్బతింటే నోరెండడం, చప్పదనం బాగా తెలుస్తాయి కాబట్టి ఎప్పుడు చేయాలి, ఎంత జాగ్రత్త పడాలి అన్నది దాన్నిబట్టే తేలుస్తారు. వంట, టీ రుచి చూడడం లాంటి పనులే జీవనాధారమైనవాళ్లు మొదటి చెవికి ముందే ఆ మాట చెప్పాలి.