చీటీ వేయడం సులువే, దాచడమే కష్టం

ఒక పాఠకురాలు అడిగారు: "బోధనాసుపత్రిలో పరిశోధనలో చేరమన్నారు. నాకు అసలు మందు వస్తుందో ఉత్తుత్తి మాత్ర వస్తుందో కంప్యూటరు చీటీ తీసి చెబుతుందట. అంతమంది ప్రొఫెసర్లుండి వైద్యాన్ని లాటరీకి వదిలేస్తారా?"

ఫేజ్-1, ఫేజ్-2 అంటూ మెట్లెక్కించే వివరణలు కావలసినన్ని దొరుకుతాయి, వాటి జోలికి పోను. ట్రయల్, అంటే మనుషుల మీద చేసే మందు పరీక్ష, నిలబడినా కూలినా ఆ చీటీ మీదే కాబట్టి దాని సంగతే చూద్దాం.

ముందు ఒక లెక్క. ఎందుకూ పనికిరాని మందు ఒకటి ఉందనుకోండి. రోగులు 200 మంది. అందులో 40 మందికి జబ్బు ముదిరింది, వాళ్లలో సగం మంది పోతారు. మిగతా 160 మందిలో పదింట ఒకరు పోతారు. మందు గుంపు, ఉత్తుత్తి మాత్ర గుంపు అని రెండుగా సరిగ్గా పంచితే ఒక్కో గుంపులో ముదిరినవాళ్లు 20, తేలికవాళ్లు 80. చావులు 10, 8 కలిపి అటూ ఇటూ 18. ఇప్పుడు ఎవరో జాలిపడి, "ఇంత నీరసంగా ఉన్న మనిషి మీద కొత్త మందెందుకులే" అని ముదిరిన 10 మందిని మందు గుంపు నుంచి అవతలికి జరిపారు. వాళ్ల బదులు తేలికవాళ్లు 10 మంది ఇటు వచ్చారు. మందు గుంపులో చావులు 5, 9 కలిపి 14. అవతల 15, 7 కలిపి 22. పనికిరాని మందు కాస్తా చావుల్ని మూడో వంతుకు పైగా తగ్గించేసింది! మోసం చేసినవాడు ఎవడూ లేడు. దయగల డాక్టరొకరుంటే చాలు.

ఈ గొడవ పాతదే. డెన్మార్క్ డాక్టరు యోహానెస్ ఫిబిగర్ కోపెన్‌హాగన్‌లో, గొంతు జబ్బు డిఫ్తీరియాకు మందుగా ఇచ్చే సీరాన్ని పరీక్షించి 1898లో ఫలితాలు అచ్చువేశాడు. ఒక రోజు ఆసుపత్రిలో చేరినవాళ్లకు సీరం, మర్నాడు చేరినవాళ్లకు లేదు. సీరం పొందిన 239 మందిలో 8 మంది, పొందని 245 మందిలో 30 మంది చనిపోయారు. ఆ కాలానికి గొప్ప పనే. కానీ ఈ పద్ధతిలో ఒక కన్నం ఉంది. ఇవాళ ఏ రోజో చేర్చుకునే డాక్టరుకి తెలుసు, రోగిని రేపు రమ్మంటే సరిపోతుంది. పాఠాల్లో ఇప్పటికీ "ఒకటి విడిచి ఒకటి" అనేదాన్ని రాండమ్‌కి (ముందే ఊహించలేని పంపకానికి) ఉదాహరణగా చెప్పేవాళ్లున్నారు. అది రాండమ్ కాదు, టైంటేబుల్.

కన్నం పూడ్చిన పేరు బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వారి స్ట్రెప్టోమైసిన్ ట్రయల్‌ది, ఫలితాలు 1948లో వచ్చాయి. గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ యాదృచ్ఛిక సంఖ్యలతో వరస తయారుచేసి, కవర్లలో పెట్టి సీలు వేయించాడు. రోగి అర్హుడని తేలాకే కవరు విప్పాలి. క్షయ రోగులు 107 మంది. ఆరు నెలలకు, మందు వాడిన 55 మందిలో 4, మంచం మీద విశ్రాంతి మాత్రమే తీసుకున్న 52 మందిలో 14 మరణాలు. ఎక్స్‌రేలు చదివినవాళ్లకు ఏది ఏ గుంపు రోగిదో చెప్పలేదు.

కవరంటే ఏ కవరు పడితే ఆ కవరు కాదు. పల్చటి కవరును ఎక్స్‌రే చూసే లైటు పెట్టె మీద పెడితే లోపలి అక్షరం కనబడిపోతుంది. అందుకే చీటీ చుట్టూ అల్యూమినియం రేకు పెడతారు. కవర్ల మీద వరస నంబర్లు ముందే అచ్చువేస్తారు, లేకపోతే నచ్చని చీటీ వచ్చినప్పుడు దాన్ని పక్కనబెట్టి ఇంకోటి విప్పుతారు. లోపల కార్బన్ కాగితం ఉంటుంది. రోగి పేరు, తేదీ కవరు మీద రాసి సంతకం చేస్తే ఆ రాత చీటీ మీదికి దిగుతుంది, ఆ తర్వాతే విప్పాలి. ముందు విప్పి తర్వాత పేరు రాస్తే కార్బన్ పెట్టీ లాభం లేదు. అర్హత, అంగీకార పత్రం, మొదటి రోజు పరీక్షల వివరాలు, ఈ మూడూ పూర్తయ్యాకే పేరు.

ఇంత చేసినా బ్లాకుల దగ్గర బోర్లాపడతారు. రెండు గుంపులూ సమంగా ఉండాలని నలుగురేసి బ్లాకులు కడతారు. మందు 'మ', ఉత్తుత్తి మాత్ర 'ఉ' అనుకుంటే మమఉఉ, మఉమఉ, మఉఉమ, ఉఉమమ, ఉమఉమ, ఉమమఉ అని ఆరు వరసలే సాధ్యం. ఎవరికేమిచ్చారో వార్డులో కనబడే ట్రయల్ అయితే నాలుగో మనిషి చీటీ ఎప్పుడూ ముందే తెలిసిపోతుంది. మొదటి రెండూ ఒకటే అయితే, అంటే మూడింట ఒకసారి, మూడోదీ తెలిసిపోతుంది. సగటున నలుగురిలో 1.33 మంది, అంటే మొత్తం చీటీల్లో మూడో వంతు బట్టబయలే! కాస్త లెక్క తెలిసిన నర్సు వారం రోజుల్లో పట్టేస్తుంది. విరుగుడు: బ్లాకు సైజును 4, 6, 8 మధ్య మారుస్తూ ఉండటం, ఆ సంగతి వార్డుకిచ్చే ప్రొటోకాల్‌లో (ట్రయల్ నడిపే నియమావళిలో) రాయకపోవడం. బ్లైండింగ్ ఉన్న, అంటే ఎవరికేమిచ్చారో రోగికీ డాక్టరుకీ తెలియనివ్వని, ట్రయల్‌లో ఈ ప్రమాదం తక్కువ, కానీ మందుకు నోరు ఎండిపోవడం లాంటి లక్షణం ఉంటే అదీ గుట్టు విప్పుతుంది.

నష్టం ఎంతో కొలిచారు కూడా. 1995లో కెనెత్ షుల్జ్ బృందం 250 ట్రయల్స్‌ను తిరగేసింది. చీటీ సరిగా దాచనివాటిలో వైద్యం ప్రభావం, ఆడ్స్ నిష్పత్తి (ఫలితం వచ్చినవాళ్ల, రానివాళ్ల పాళ్లను రెండు గుంపుల మధ్య పోల్చే కొలత) లెక్కన, సగటున 41 శాతం ఎక్కువగా కనబడింది.

ఇప్పుడు చాలా ట్రయల్స్‌లో చీటీ ఆసుపత్రిలో ఉండదు. డాక్టరు వివరాలు నమోదు చేశాక బయటి కేంద్రం నంబరిస్తుంది, ఆ తర్వాత రోగి గుంపును డాక్టరు మార్చలేడు. రోగి ఒక్క మాత్ర మింగకపోయినా ఆ గుంపు లెక్కలోనే ఉంటాడు. పాఠకురాలు అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: "తర్వాతి చీటీలో ఏముందో ఇక్కడెవరికైనా తెలుసా?" ఆమె డాక్టరుకి ఆమె విషయంలో ఒక వైద్యమే మేలని గట్టి నమ్మకం ఉంటే ట్రయల్‌లో చేర్చకూడదు. లాటరీ ఉన్నది ఏది మేలో ఎవరికీ తెలియనప్పుడే.

చీటీ సరిగ్గా వేసినా ఫలితాల్ని తర్వాత ముక్కలు చేసి చూస్తే మళ్లీ మొదటికే వస్తాం. ఆక్స్‌ఫర్డ్ నుంచి నడిచిన ఐసిస్-2 ట్రయల్‌లో (1988) గుండెపోటు వచ్చిన 17,187 మంది ఉన్నారు. ఆస్పిరిన్ మరణాల్ని స్పష్టంగా తగ్గించింది. చిన్న చిన్న గుంపులుగా విడగొట్టి చూస్తే ఏమవుతుందో చూపడానికి వాళ్లు రోగుల్ని రాశులవారీగా పంచారు. మిథునం, తుల రాశులవాళ్లకు ఆస్పిరిన్ కాస్త కీడే చేసినట్టు కనబడింది! జాతకాలవాళ్లు సంబరపడనక్కర్లేదు, పన్నెండు ముక్కలు చేస్తే ఒకటో రెండో ఎదురు తిరగడం మామూలే.

చివరగా మాత్రల డబ్బాల సంగతి. మందుకంతా 'ఎ', ఉత్తుత్తికంతా 'బి' అని ముద్రవేసే బృందాలు ఉంటాయి. ఒక రోగికి అత్యవసరం వచ్చి అతని గుట్టు విప్పారంటే 'ఎ' డబ్బాలవాళ్లందరి గుట్టూ పోయినట్టే. ఒక్కో డబ్బాకు పొంతన లేని నంబరు వేస్తే ఆ ఒక్క రోగి గుట్టే బయటపడుతుంది.