చూసేవాళ్లు లేని గది

ఐదో తరగతి దాకా అడిగిన ప్రతి ప్రశ్నకూ చెయ్యెత్తిన పిల్ల, ఏడో తరగతికొచ్చేసరికి జవాబు తెలిసి కూడా తల వంచుకుని కూర్చుంటుంది. చదువు తగ్గిందా అంటే అదీ లేదు, ఇంట్లో అడిగితే గడగడా చెప్పేస్తుంది. మధ్యలో ఆ పిల్ల ఒక కొత్త లెక్క నేర్చుకుంది. జవాబు తప్పయితే ఎంతమంది చూస్తారు, ఎంతమంది నవ్వుతారు, రేపటికి ఎంతమంది గుర్తుపెట్టుకుంటారు అన్న లెక్క. చిన్న తరగతుల్లో ఆ లెక్క సరిగా రాదు. ఒకసారి వచ్చాక మరిచిపోవడం కష్టం.

దీనికి డేవిడ్ ఎల్‌కైండ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1967లో ‘ఊహా ప్రేక్షకులు’ అని పేరు పెట్టారు. 11, 12 ఏళ్లు వచ్చేసరికి ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించే శక్తి పిల్లల్లో బాగా పెరుగుతుంది. అది మంచి ఎదుగుదలే. చిక్కల్లా ఎక్కడంటే, ఎదుటివాళ్లు ఎప్పుడూ తమ గురించే ఆలోచిస్తున్నారని వాళ్లు అనుకుంటారు. నుదుటి మీద ఒక్క మొటిమ లేస్తే తరగతి మొత్తం దాన్నే చూస్తున్నట్టుంటుంది. నిజానికి పక్క బెంచీలో ఉన్నవాడికి వాడి మొటిమ గొడవ వాడికుంటుంది. (ఈ వయసు దాటి పాతికేళ్లయినా ఆ ప్రేక్షకుల ముందే బతికేవాళ్లు కొందరున్నారు. అది వేరే వ్యాసం.)

అందుకే మిడిల్ స్కూల్ పిల్లల ఆత్మవిశ్వాసం కోసం ఏదైనా యాప్ మంచిదా అని ఎవరైనా అడిగితే, నేను ముందు ఈ ప్రేక్షకుల సంగతే చూస్తాను. యాప్ పిల్లవాడిని ఎంత పొగుడుతోంది అన్నది తర్వాత. వాడు తప్పు చేసిన ఆ క్షణంలో ఎవరు చూస్తున్నారు?

‘ఆత్మవిశ్వాసం పెంచుతాం’ అని చెప్పుకునే యాప్‌లలో ఒక రకానికి ఈ ప్రశ్నే పట్టదు. పొద్దున్నే ‘నేను గొప్పవాణ్ణి’, ‘నన్ను అందరూ ఇష్టపడతారు’ అని తెర మీద చూపించి పైకి చదవమంటాయి. చదివితే ఒక నక్షత్రం. ఇవి చూడ్డానికి బాగుంటాయి, హాని ఏముంటుందిలే అనిపిస్తుంది. కెనడాలో జోఆన్ వుడ్ బృందం కాలేజీ విద్యార్థులతో ఇలాంటి ప్రయోగమే చేసి 2009లో ప్రచురించింది. ‘నేను ప్రేమించదగిన మనిషిని’ అన్న వాక్యాన్ని పదేపదే అనుకోమన్నారు. తమ మీద తమకు ముందే మంచి అభిప్రాయం ఉన్నవాళ్లకు కాస్త మేలు జరిగింది. ఆ అభిప్రాయం తక్కువగా ఉన్నవాళ్లు మాత్రం, ఆ వాక్యం జోలికే పోని తమలాంటివాళ్లకన్నా ఎక్కువ దిగాలుపడ్డారు. అంటే మందు ఎవరికి అవసరమో వాళ్లకే వికటించింది. బయటికి ‘గొప్పవాణ్ణి’ అంటుంటే లోపల మనసు ‘ఎక్కడా?’ అని ఎదురు ప్రశ్న వేస్తుంది కదా.

పొగడ్తతో ఆత్మగౌరవం, ఆత్మగౌరవంతో మార్కులు అనే వరసను ప్రభుత్వాలు కూడా నమ్మాయి. కాలిఫోర్నియా రాష్ట్రం 1986లో ఆత్మగౌరవం మీద ఏకంగా ఒక టాస్క్‌ఫోర్స్ వేసింది. 2003లో రాయ్ బామైస్టర్, మరికొందరు కలిసి అప్పటిదాకా జరిగిన పరిశోధనలను తిరగేసి చూస్తే ఆ వరస నిలబడలేదు. ఆత్మగౌరవం వల్ల చదువు బాగుపడుతుందనడానికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయి. కొంతవరకు అది తిరగబడి ఉంది: పని బాగా జరిగాక తన మీద తనకు మంచి అభిప్రాయం కలుగుతుంది.

మరి ఆ పని ‘నేను చేయగలను’ అన్న నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? ఆల్బర్ట్ బాందూరా అనే మనస్తత్వవేత్త 1977లో దీనికి నాలుగు దారులు చెప్పారు. స్వయంగా చేసి నెగ్గడం. తనలాంటివాడు చేస్తుంటే చూడడం. తాను నమ్మే మనిషి ‘నీవల్ల అవుతుంది’ అనడం. ఆ పని చేసేటప్పుడు గుండె దడ, చేతుల వణుకు ఎలా ఉన్నాయన్నది. వీటిలో మొదటిదే అన్నిటికన్నా గట్టిది. పొగడ్త మూడోదానిలోకి వస్తుంది, అదీ నమ్మే మనిషి నోటి నుంచి వస్తేనే. తెర మీద గెంతే కుందేలు బొమ్మ ఆ మనిషి కాదు.

మొదటి దారి ఎంత గట్టిదో చూపించే ప్రయోగం ఒకటుంది. బాందూరా, డేల్ షంక్ కలిసి చేశారు, 1981లో అచ్చయింది. లెక్కల్లో బాగా వెనకబడి, లెక్కలంటేనే విసుగు పుట్టిన చిన్న తరగతుల పిల్లలకు 42 పేజీల తీసివేతలు ఇచ్చారు. మొత్తం ఏడు పూటలు. కొందరితో ‘పూటకు 6 పేజీలు చెయ్యడానికి చూడు’ అన్నారు. కొందరితో ‘అన్ని పూటలూ అయ్యేసరికి 42 పేజీలు’ అన్నారు. ఇంకొందరికి ఏ లక్ష్యమూ పెట్టలేదు. కాగితాలు అవే, లెక్కలు అవే. అయినా ఆరేసి పేజీల పిల్లలు తీసివేతలు బాగా నేర్చుకున్నారు, చేయగలమన్న నమ్మకం వాళ్లలోనే ఎక్కువ పెరిగింది. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇది: తర్వాత ఏ పని కావాలంటే అది చెయ్యమని వదిలేస్తే, వాళ్లు తమంతట తామే మళ్లీ తీసివేతలు అందుకున్నారు. పూటపూటకూ ‘అయిపోయింది’ అనుకోగల చోటు ఒకటి దొరికింది వాళ్లకు, అంతే.

కొండను మెట్లుగా కొయ్యడం యాప్‌కు బాగా చేతనైన పని. నలభై మంది పిల్లలున్న తరగతిలో టీచర్ నలభై రకాల మెట్లు కట్టలేరు. యాప్ మాత్రం, పిల్లవాడు వరసగా మూడు తప్పులు చేస్తే మెట్టు ఎత్తు తగ్గిస్తుంది, వరసగా నెగ్గుతుంటే పెంచుతుంది. కాకపోతే ఆ తగ్గించడంలో ఒక తెలివి ఉండాలి. మరీ తేలిక చేసేస్తే పిల్లలు పసిగడతారు. పన్నెండేళ్లవాడికి ఒకటో తరగతి కూడిక ఇచ్చి బాణసంచా పేలిస్తే వాడికి అర్థమయ్యేది ఒకటే: ‘నా గురించి వీళ్లు ఇంతే అనుకుంటున్నారు’. కాస్త చెమట పట్టకపోతే ఆ గెలుపు లెక్కలోకి రాదు.

బాణసంచా దగ్గర ఇంకో మాట. క్లాడియా మ్యూలర్, కెరల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో ఐదో తరగతి పిల్లలకు కొన్ని పజిల్స్ ఇచ్చి, బాగా చేశావని మెచ్చుకున్నారు. కొందరిని ‘నీకు ఎంత తెలివో’ అని, కొందరిని ‘బాగా కష్టపడ్డావు’ అని. తర్వాత కావాలనే కొరకరాని పజిల్స్ ఇచ్చారు. తెలివికి మెచ్చుకోలు పొందినవాళ్లు త్వరగా డీలాపడ్డారు, ఆ పని మీద ఇష్టం పోగొట్టుకున్నారు, మళ్లీ ఇచ్చిన తేలిక పజిల్స్‌లో కూడా మొదటికన్నా తక్కువ చేశారు. వేరే బడి పిల్లలకు నీ మార్కులు రాసి పంపు అంటే, వాళ్లలో సుమారు పదిలో నలుగురు ఎక్కువ చేసి రాశారు. తెలివైనవాడినన్న పేరు నిలబెట్టుకోవాలి మరి. ఊహా ప్రేక్షకులకు తోడు మనం టికెట్ ఇచ్చి ఇంకో ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టినట్టు.

ఈ సంగతిని ఒక ఆటలో పెట్టి చూసినవాళ్లూ ఉన్నారు. ‘రిఫ్రాక్షన్’ అని భిన్నాలు నేర్పే కంప్యూటర్ ఆట. లేజర్ కిరణాన్ని సగాలుగా, మూడో వంతులుగా చీల్చి అంతరిక్ష నౌకలకు సరిపడా శక్తి అందించాలి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎలినార్ ఓరూర్క్ బృందం దీన్ని రెండు రకాలుగా తయారుచేసింది. ఒకదానిలో మామూలుగా, దశ దాటితే పాయింట్లు. రెండోదానిలో దశ దాటకపోయినా సరే, కొత్త ఉపాయం ప్రయత్నించినా, కొంత దూరం వచ్చినా పాయింట్లు. సుమారు 15,000 మంది పిల్లలు ఆడిన తీరును పోల్చి చూశారు. 2014లో వెల్లడించిన ఫలితం ప్రకారం రెండో రకం ఆడినవాళ్లు ఎక్కువసేపు ఆడారు, ఎక్కువ ఉపాయాలు ప్రయత్నించారు, కష్టమైన చోట ఎక్కువ నిలబడ్డారు. ఆట అదే, ముఖ్యంగా మారింది పాయింటు ఎప్పుడు పడాలన్న నియమం. యాప్ ఎంచుకునేవాళ్లు బొమ్మల అందం చూస్తారు గాని, ఈ నియమం చూసేవాళ్లు తక్కువ.

ఇక అసలు సంగతికి, చూసేవాళ్లు లేని గదిలోకి వద్దాం. తెర ముందు పిల్లవాడు ఒక్కడే ఉన్నప్పుడు తప్పుకు ఉండే బరువు వేరు. నల్లబల్ల దగ్గర తప్పు చేస్తే అది సంఘటన. ఇక్కడ తప్పు చేస్తే అది ఒక ప్రయత్నం. సీమోర్ పాపర్ట్, ఆయన సహచరులు 1967లో ‘లోగో’ అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేశారు. అందులో పిల్లలు ఒక తాబేలుకు ‘ముందుకు నడు, కుడికి తిరుగు’ అని చెప్పి బొమ్మలు గీయిస్తారు. చదరం గీయబోతే ఇంకేదో వస్తుంది. వస్తే సున్నా మార్కులు వెయ్యరు. తాబేలు ఎక్కడ తప్పు తిరిగిందో వెతుకుతారు. దోషం పిల్లవాడిలో కాక ప్రోగ్రామ్‌లో ఉంటుంది, దాన్ని పట్టుకుంటే పోతుంది. ఆ సంప్రదాయంలోనే ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి మిచెల్ రెస్నిక్ బృందం 2007లో ‘స్క్రాచ్’ తెచ్చింది. 8 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం చేసినది, ఉచితం. రంగురంగుల దిమ్మెలను ఒకదానికొకటి తగిలించి ఆటలు, కథలు చేసుకోవచ్చు. ఇంకొకరు చేసిన ఆటను విప్పి లోపల ఏముందో చూడొచ్చు, తన పద్ధతిలో మార్చుకోవచ్చు. బాందూరా చెప్పిన రెండో దారి, తనలాంటివాడు ఎలా చేశాడో చూడడం, ఇక్కడ అడక్కుండానే దొరుకుతుంది.

తప్పును పిల్లవాడి మీద నుంచి పక్కకు జరిపే ఇంకో ఉపాయం వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తయారుచేసిన ‘బెట్టీస్ బ్రెయిన్’లో ఉంది. ఇందులో పిల్లలు టీచర్లు, బెట్టీ అనే బొమ్మ శిష్యురాలు. ఒకదానివల్ల ఇంకొకటి ఎలా జరుగుతుందో బాణాలతో పటం గీసి బెట్టీకి నేర్పాలి, తర్వాత బెట్టీ పరీక్ష రాస్తుంది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, తమ కోసం చదివిన ఎనిమిదో తరగతి పిల్లలకన్నా ఇలాంటి శిష్యురాలి కోసం చదివినవాళ్లు పాఠం మీద ఎక్కువసేపు కూర్చున్నారు. పరీక్ష తప్పింది బెట్టీ. కాస్త బాధ్యత తనదే, కానీ పరువు తనది కాదు. ఆ సందులోంచి పిల్లవాడు మళ్లీ పాఠం దగ్గరికి వెళ్లగలుగుతాడు. పదమూడేళ్ల వయసుకు ఇంతకన్నా నప్పే అమరిక నేను చూడలేదు.

ఇంత జాగ్రత్తగా కట్టిన గదికి కిటికీలు కొట్టేవి లీడర్‌బోర్డులు. ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారో తరగతి మొత్తానికి కనిపించే పట్టిక పెట్టగానే ప్రేక్షకులు తిరిగొచ్చి కూర్చుంటారు, ఈసారి ఊహ కూడా అక్కర్లేదు. పైన ఉన్న ముగ్గురికి అది ఉత్సాహం. అడుగున ఉన్నవాడికి రోజూ తలుపు మీద అతికించిన నోటీసు. వరసగా ఎన్ని రోజులు వచ్చారో లెక్కపెట్టి, ఒక్క రోజు తప్పితే సున్నాకి పడిపోయే లెక్కలదీ కొంచెం అదే తంతు. ఆ బాధలో నేర్చుకోవాలన్న కోరిక కన్నా పోగొట్టుకుంటానన్న భయమే ఎక్కువ.

గది లోపల పిల్లలు చేసే కంతిరి పనులు కూడా ఉన్నాయి. ర్యాన్ బేకర్, సహ పరిశోధకులు లెక్కలు నేర్పే సాఫ్ట్‌వేర్ వాడే పిల్లల్ని గమనించి, కొందరు ‘సాయం’ బటన్‌ను టకటకా నొక్కుతూ జవాబు బయటపడేదాకా పోతారని, లేదా వరసగా అన్ని ఆప్షన్లూ నొక్కి చూస్తారని 2004లో రాశారు. అలా దాటిన దశలకు కూడా నక్షత్రాలు పడతాయి. కానీ ఎలా దాటాడో పిల్లవాడికి తెలుసు, కాబట్టి అవి నమ్మకంగా మారవు. పక్కన ఒక పావుగంట కూర్చుంటే ఏ యాప్ సంగతైనా తేలిపోతుంది. మొదటి తప్పు దగ్గర అది ఏం చేస్తుందో చూడాలి. జవాబు చెప్పేస్తుందా, ఎర్ర గుర్తు పెట్టి ఊరుకుంటుందా, ఆలోచించడానికి ఒక చిన్న ఆధారం ఇస్తుందా?

ఇంతా చేసి, గదిలో సంపాదించిన నమ్మకం తలుపు దాటి తనంతట తాను రాదు. సూజన్ హార్టర్ 1980లలో పిల్లల స్వీయ అభిప్రాయాన్ని కొలిచే ప్రశ్నావళులు తయారుచేసినప్పుడు చదువు, స్నేహాలు, ఆటలు, రూపం అని విడివిడిగా అడిగారు. ఎందుకంటే పిల్లలు తమను అలాగే విడివిడిగా అంచనా వేసుకుంటారు. భిన్నాలు బాగా వచ్చినంత మాత్రాన తరగతిలో లేచి మాట్లాడే ధైర్యం రాదు. మాట్లాడే ధైర్యం మాట్లాడితేనే వస్తుంది. అందులో యాప్ చేయగలిగింది మొదటి రెండు మెట్లే: ఒంటరిగా మాట్లాడి రికార్డు చేసుకోవడం, విని చెరిపేసి మళ్లీ చెయ్యడం. గుండె దడ కొంచెం తగ్గుతుంది. మూడో మెట్టులో ఒక మనిషి ఉండాలి. ఒక్కరు చాలు.

ఆ మనిషి ఎవరన్నది కూడా ముఖ్యమే. డేల్ షంక్ 1980లలో చేసిన ఇంకొన్ని ప్రయోగాల్లో, లెక్కల్లో వెనకబడిన పిల్లలకు టీచర్ చేసి చూపినదానికన్నా తమ ఈడు పిల్లలు చేసి చూపితే నమ్మకం ఎక్కువ కలిగింది. అలాగే డేవిడ్ యేగర్ బృందం అమెరికాలో తొమ్మిదో తరగతివాళ్లు సుమారు 12,000 మందితో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. తెలివి కష్టంతో పెరుగుతుందని చెప్పే ఆన్‌లైన్ పాఠం, మొత్తం గంటలోపే. మార్కులు తక్కువ ఉన్న పిల్లల్లో చిన్న మెరుగుదల కనిపించింది, నిజంగా చిన్నదే. కష్టమైన పనికి పూనుకోవడాన్ని తోటి పిల్లలు మెచ్చుకునే బడుల్లో అది నిలబడింది. వెక్కిరించే చోట అంతగా నిలబడలేదు. అంటే యాప్ వేసిన విత్తు బతకాలా వద్దా అన్నది పక్క బెంచీ చేతుల్లో ఉంది.

స్క్రాచ్‌లో పిల్లవాడు చేసిన ఆట మొదట వాడికి మాత్రమే కనిపిస్తుంది. ‘షేర్’ అన్న బటన్ నొక్కితేనే లోకానికి కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లకు ఆ ఆట చూడగానే మురిపెం ముంచుకొస్తుంది, చుట్టాల గ్రూపులో పెట్టేయాలనిపిస్తుంది. వాడు ఇంకా తన ఆటలోని పిల్లి గోడకు గుద్దుకోకుండా ఎలా ఆపాలా అని చూస్తున్నాడు. ఆ బటన్ ఎప్పుడు నొక్కాలో వాడికి వదిలేసి, అడిగితే పక్కన కూర్చుని ఆడి, పిల్లి ఎక్కడ ఇరుక్కుంటోందో చెబితే సరిపోతుంది.