వీఎంలకు డీఎన్ఎస్ అమరిక: రెండో సర్వర్‌పై అపోహ, అసలు వాస్తవం

వర్చువల్ మెషీన్లకు (వీఎంలు, అంటే ఒక యంత్రంలో సాఫ్ట్‌వేర్‌గా నడిచే విడి కంప్యూటర్లు) విడివిడిగా డీఎన్ఎస్ (పేర్లకు ఐపీ చిరునామాలు చెప్పే సేవ) అమర్చే పని వచ్చిన ప్రతిసారీ నాకు వినిపించే మాట ఒకటుంది: "మొదట మన లోపలి సర్వర్, రెండోదిగా గూగుల్ పబ్లిక్ సర్వర్ 8.8.8.8 పెట్టేద్దాం సార్, మొదటిదానికి తెలియని పేర్లు రెండోది చెబుతుంది." చెప్పదు. మనుషుల నిద్రను ఎక్కువగా పాడుచేసే అపోహ ఇదే.

అడిగిన పేరు లేదని మొదటి సర్వర్ చెబితే అది కూడా జవాబే, కాబట్టి వెతుకులాట అక్కడితో ముగుస్తుంది. మొదటి సర్వర్ అసలు పలకనప్పుడో, తన వల్ల కాలేదని లోపం తెలిపినప్పుడో మాత్రమే రెండోదాని వంతు వస్తుంది. లినక్స్‌లో అప్లికేషన్ల తరఫున పేర్లు అడిగే లైబ్రరీ గ్లిబ్‌సీ ఇందుకోసం మామూలుగా 5 సెకన్లు ఎదురుచూస్తుంది. అప్పుడు లోపలి డేటాబేస్ పేరు గురించి 8.8.8.8ని అడిగితే, అలాంటి పేరే లేదని అది చెబుతుంది, అప్లికేషన్ ఆ మాటనే నమ్ముతుంది.

ఒక రాత్రి మా జట్టులో కొత్తగా చేరిన కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, నేనేమీ ముట్టుకోలేదు, కానీ ఒక్క వీఎంకే డేటాబేస్ దొరకడం లేదు" అన్నాడు. గొంతు వణుకుతోంది. డీఎన్ఎస్ స్థితిని చూపే రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ ఆదేశం నడిపి చూడమన్నాను. ప్రస్తుత సర్వర్ అన్న వరుసలో 8.8.8.8 ఉంది. సాయంత్రం లోపలి సర్వర్‌ను ప్యాచ్ కోసం రీబూట్ చేసిన కొద్ది నిమిషాల్లో ఆ వీఎం ఏదో పేరు అడిగింది, జవాబు రాకపోవడంతో వీఎంలో పేర్లు వెతికే సేవ సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ రెండో సర్వర్‌కు మారింది. అది పలుకుతున్నంత కాలం రిజాల్వ్‌డీ మొదటిదానికి తిరిగి రాదు. ఆ వ్యవధిలో ఏమీ అడగని వీఎంలన్నీ బాగానే ఉన్నాయి. అతని తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు, ఆ మాట అతనికి ముందుగా చెప్పి, ఆ తరువాతే సరిదిద్దాం.

ఒక వీఎంకు ఇచ్చే సర్వర్లన్నిటికీ ఒకే పేర్లు తెలిసి ఉండాలి. లోపలి పేర్లు కావలసిన వీఎంకు రెండు చిరునామాలూ లోపలి సర్వర్లవే ఇవ్వండి, బయటి పేర్లను ఆ సర్వర్లే బయటికి ఫార్వర్డ్ చేస్తాయి. బయటి పేర్లు మాత్రమే చాలిన వీఎంకు లోపలి సర్వర్ చిరునామా అసలు అక్కర్లేదు.

డీఎన్ఎస్ సర్వర్ల జాబితా ఉండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలులో చేత్తో రాస్తే నిలుస్తుందన్నది మరో అపోహ. ఉబుంటు లినక్స్‌లో 18.04 నుంచి అది రిజాల్వ్‌డీ తయారుచేసే ఫైలుకు లింకు మాత్రమే, అందులో కనిపించే 127.0.0.53 రిజాల్వ్‌డీ చిరునామా. ఉబుంటు నెట్‌వర్క్ అమరికల సాధనం నెట్‌ప్లాన్‌లో రాయండి, డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్ అమరికలను దానంతటదే అందించే సేవ) ఇచ్చే డీఎన్ఎస్‌ను తీసుకోవద్దని కూడా అక్కడే చెప్పండి, లేకపోతే రెండు జాబితాలూ కలిసిపోతాయి.

క్లౌడ్‌లన్నీ ఒకటే అనుకోవద్దు. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో వీఎం నెట్‌వర్క్ కార్డుకు ఇచ్చిన అమరిక వర్చువల్ నెట్‌వర్క్ అమరికను తోసిరాజంటుంది. అమెజాన్ ఏడబ్ల్యూఎస్‌లో డీహెచ్‌సీపీ ఆప్షన్ సెట్ మొత్తం వీపీసీకి (అక్కడి వర్చువల్ నెట్‌వర్క్‌కు) వర్తిస్తుంది, అందువల్ల ఒక్క ఇన్‌స్టాన్స్‌కు (అక్కడి వీఎంకు) వేరే డీఎన్ఎస్ కావాలంటే దాని ఆపరేటింగ్ సిస్టమ్ లోపలే మార్చాలి.

ఇక డీఎన్ఎస్‌ను నేరుగా అడిగే డిగ్ ఆదేశంలో జవాబు వచ్చిందని పని పూర్తయినట్టు భావించకండి. వీఎంలోనే పేర్లూ చిరునామాలూ రాసి ఉంచే హోస్ట్స్ ఫైలును డిగ్ చూడదు, అప్లికేషన్ సాధారణంగా చూస్తుంది. మార్పు చేసిన వీఎంలోనే, ఆ ఫైలునూ చూసే గెట్‌ఎంట్ హోస్ట్స్ ఆదేశంతో ఆ పేరును అడిగి, వచ్చిన చిరునామా సరైనదేనా అని చూశాకే టికెట్ మూయండి.