ఎస్‌ఆర్-22: అమెరికాలో తప్పు చేసిన డ్రైవర్‌కు కంపెనీ రాసిచ్చే పూచీకత్తు

తాగి నడిపిన కేసులో శిక్ష పడినా, ఇన్సూరెన్స్ లేకుండా నడుపుతూ రెండోసారి దొరికినా, టెక్సస్‌లో లైసెన్స్ దక్కాలంటే ఎస్‌ఆర్-22 కావాలి. డాలస్, ఆస్టిన్ వైపు ఉండే మనవాళ్లు చాలామంది ఇదొక ఖరీదైన ఇన్సూరెన్స్ రకం అనుకుంటారు. అసలు ఆ పేరుతో ఇన్సూరెన్సే లేదు. అదొక పత్రం. ‘ఈ మనిషికి మా దగ్గర చట్టం అడిగినంత పాలసీ ఉంది, అది ఆగిపోతే ఆ సంగతి మేమే చెబుతాం’ అని కంపెనీ రాష్ట్రానికి హామీ ఇస్తుంది. పత్రం పంపినందుకు ఫీజు సాధారణంగా 15 నుంచి 50 డాలర్ల లోపే. జేబుకు చిల్లు పెట్టేది దాని వెనకున్న శిక్ష. దానివల్లే ప్రీమియం పెరుగుతుంది.

1920లలో కార్లు ఒక్కసారిగా పెరిగాయి. దెబ్బ తగిలినవాడు కోర్టులో గెలిచినా, గుద్దినవాడి దగ్గర డబ్బు లేకపోతే తీర్పుతో ఒరిగేదేమీ లేదు. దీనికి రెండు రాష్ట్రాలు రెండు దారులు పట్టాయి. కనెక్టికట్ 1925లో చట్టం చేసి, యాక్సిడెంట్ చేసినవాళ్లూ పెద్ద నేరానికి శిక్ష పడినవాళ్లూ మాత్రం నష్టపరిహారం కట్టే స్తోమత ఉందని రుజువు చూపాలంది. మసాచుసెట్స్ 1927 నుంచి అందరికీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసింది. మిగతా రాష్ట్రాలు చాలాకాలం కనెక్టికట్ దారిలోనే నడిచాయి. మసాచుసెట్స్ బాట పట్టిన రెండో రాష్ట్రం న్యూయార్క్, అదీ 1956లో. కనెక్టికట్ పద్ధతిలో మొదటి యాక్సిడెంట్‌లో దెబ్బ తిన్నవాడికి దిక్కు లేదు. రుజువు అడిగేది ఆ తర్వాతే కదా. నేటి ఎస్‌ఆర్-22 ఆ పద్ధతి వారసత్వమే. న్యూహాంప్‌షైర్‌లో ఇప్పటికీ మామూలు డ్రైవర్‌కు ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు, తప్పు చేసినవాడికే ఈ షరతు.

రుజువు తెమ్మన్నారు సరే, కంపెనీలు అసలు పాలసీ ఇవ్వకపోతే? 1938లో న్యూహాంప్‌షైర్‌లోనే దీనికి మొదటి ఏర్పాటు జరిగింది. ఎవరూ తీసుకోని డ్రైవర్లను కంపెనీలు తమ వ్యాపారం వాటా ప్రకారం పంచుకోవాలి. టెక్సస్‌లో అలాంటి పథకమే టైపా, కనీసం రెండు కంపెనీలు కాదన్నవాళ్లు దాని గడప తొక్కవచ్చు. 1956లో ప్రోగ్రెసివ్ అనే ఇన్సూరెన్స్ సంస్థ ఇలాంటి డ్రైవర్ల కోసమే ప్రత్యేకంగా ఒక కంపెనీ పెట్టింది. అందరూ వద్దన్నవాళ్లే అలా ఒక మార్కెట్ అయ్యారు.

ఇక్కడ టెక్సస్ చేసిన పొరపాటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2003లో ఆ రాష్ట్రం కోర్టు జరిమానాకు తోడు, ఏటా విడిగా సర్‌ఛార్జి పెట్టింది. తాగి నడిపిన మొదటి కేసుకు ఏడాదికి 1,000 డాలర్ల చొప్పున మూడేళ్లు, ఇన్సూరెన్స్ లేకపోతే 250 చొప్పున మూడేళ్లు. కట్టకపోతే లైసెన్స్ సస్పెండ్. కట్టలేనివాడు ఉద్యోగానికి వెళ్లడం మానడు కదా, లైసెన్స్ లేకుండానే నడుపుతాడు. దొరికితే ఇంకో సర్‌ఛార్జి. లైసెన్స్ లేనివాడికి పాలసీ దొరకడమూ కష్టమే. రోడ్డు మీద ఇన్సూరెన్స్ లేని బండ్లు తగ్గాలని పెట్టిన ఏర్పాటే మనుషుల్ని ఇన్సూరెన్స్‌కు దూరం చేసింది. వసూళ్లలో దాదాపు సగం ప్రమాద గాయాలకు చికిత్స చేసే ట్రామా ఆసుపత్రులకు వెళ్లేది కాబట్టి రద్దు చేయడానికి ఏళ్లు పట్టింది. చివరికి 2019 సెప్టెంబర్ 1న ఎత్తేశారు. సర్‌ఛార్జి కట్టలేదన్న ఒక్క కారణంతోనే లైసెన్స్ పోగొట్టుకున్న ఆరు లక్షల మందికి పైగా దారి తెరుచుకుంది. తాగి నడిపినవాళ్లకు మాత్రం భారం తగ్గలేదు. శిక్ష పడినప్పుడే మొదటిసారికి 3,000 డాలర్ల అదనపు జరిమానా వచ్చింది.

కొన్ని రాష్ట్రాలు పూచీకత్తునే బిగించాయి. ఫ్లోరిడా 2007 అక్టోబర్ నుంచి తాగి నడిపినవాళ్లకు ఇలాంటిదే ఇంకో పత్రం, ఎఫ్‌ఆర్-44 పెట్టింది. ఒక మనిషి గాయానికి లక్ష డాలర్లు, ఒక యాక్సిడెంట్‌కు మొత్తం 3 లక్షలు, ఆస్తి నష్టానికి 50 వేలు చూపాలి. టెక్సస్ ఎస్‌ఆర్-22కు 30 వేలు, 60 వేలు, 25 వేలు చాలు. ఈ మొత్తాలన్నీ అవతలివాళ్ల నష్టానికే, మన కారుకు పైసా రాదు.

ఎస్‌ఆర్-22 ఉంచాల్సిన గడువు టెక్సస్‌లో శిక్ష పడిన తేదీ నుంచి రెండేళ్లు, చాలా రాష్ట్రాల్లో మూడేళ్లు. గడువు తీరగానే ప్రీమియం పాత ధరకు రాదు. కాలిఫోర్నియాలో 1988లో ఓటర్లు నేరుగా ఆమోదించిన ప్రపోజిషన్ 103 అనే చట్టం మంచి డ్రైవర్‌కు 20 శాతం తగ్గింపు ఇమ్మంది కానీ, తాగి నడిపిన శిక్ష ఉంటే పదేళ్లు ఆ తగ్గింపు అందదు.

ఎక్కువమంది దెబ్బతినేది పాలసీ మధ్యలో తెగినప్పుడు. ఆటోపే కార్డు గడువు ముగుస్తుంది, వాయిదా కట్ అవదు, నోటీసు పాత అపార్ట్‌మెంట్ చిరునామాకు పోతుంది. పాలసీ రద్దవగానే కంపెనీ రాష్ట్రానికి ఆ సంగతి చెప్పే ఎస్‌ఆర్-26 పంపుతుంది, లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. కొన్ని రాష్ట్రాల్లో గడువు మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కేస్తారు. అందుకే కంపెనీ మారేటప్పుడు ముందు కొత్త పాలసీ మొదలుపెట్టి, కొత్త ఎస్‌ఆర్-22 రాష్ట్రానికి చేరిందని తేల్చుకున్నాకే పాతది ఆపాలి. కారు అమ్మేసినా పాలసీ వదలకూడదు, సొంత కారు లేనివాళ్లకు నాన్-ఓనర్ పాలసీ ఉంటుంది. ఇంటిపేరు కాలమ్ ఖాళీగా ఉన్న మన పాస్‌పోర్టుల వల్ల లైసెన్స్ మీద ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడినవాళ్లు పత్రంలోనూ పేరు అచ్చం అలాగే ఉందో లేదో, లైసెన్స్ నంబర్‌తో సహా అంకె అంకె సరిచూసుకోవాలి. తేడా ఉంటే ఆ పత్రం వాళ్ల రికార్డుకు ఎక్కకపోవచ్చు.